చనిపోయినవారి కోసం ప్రార్థన: తీర్పు అయిపోయాక ఇంకా అడిగేదేమిటి?

2025 ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ కన్నుమూశారు. 26న అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు మొదలుకొని మే 4 వరకు వరసగా తొమ్మిది రోజులు వాటికన్‌లో ఆయన ఆత్మ కోసం దివ్యబలిపూజలు (మాస్) జరిగాయి. టీవీలో చూసినవాళ్ళలో చాలామందికి ఒక సందేహం కలిగింది. పోపుగా బతికి పోయిన మనిషికి కూడా 'ఈయన్ని కరుణించు ప్రభూ' అని వేడుకోవాలా? ఆయన సంగతే ఇలా ఉంటే మామూలు విశ్వాసి మాటేమిటి? ఇంకొందరి సందేహం వేరు. ప్రాణం పోగానే తీర్పు జరుగుతుందని చెప్పేది శ్రీసభే (కతోలిక సంఘమే) కదా, తీర్పు వచ్చేశాక ఎన్ని పూజలు చేయించి ఏం లాభం?

ఏటా నవంబరు 2న, సకల ఆత్మల దినం నాడు, ఈ ప్రశ్నలు మళ్ళీ లేస్తూనే ఉంటాయి. జవాబులు ఉన్నాయి. కాకపోతే నేరం, దాని పర్యవసానం, కాలం, డబ్బు అన్నీ ఒకే ముడిలో పడి ఉండటం వల్ల అవి సూటిగా కనిపించవు.

ముందుగా మూడు పనులను విడదీయాలి

చనిపోయినవారి కోసం దేవుణ్ణి అడగడం ఒక పని. పునీతులను, అంటే మోక్షంలో ఉన్నారని శ్రీసభ ప్రకటించినవారిని, 'మా కోసం దేవుణ్ణి అడగండి' అని వేడుకోవడం ఇంకో పని. చనిపోయినవారితో మాట్లాడాలని, వాళ్ళ నుంచి కబురు తెప్పించుకోవాలని చూడటం మూడోది. కతోలిక శ్రీసభ మొదటి రెండింటినీ చేయమంటుంది. మూడోదాన్ని, అంటే ఆత్మలను పిలిపించే తంతులను, గట్టిగా నిషేధిస్తుంది.

మొదటి రెండింటి మధ్య గీత ఎక్కడుందో పోపు రెండో జాన్ పాల్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన 2005 ఏప్రిల్ 2న మరణించారు. అంత్యక్రియల్లోనూ, తర్వాతి రోజుల్లోనూ ఆయన ఆత్మశాంతి కోసం పూజలు జరిగాయి. 2014 ఏప్రిల్ 27న ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. అప్పటి నుంచి ఆయన ఆత్మశాంతి కోసం ఎవరూ పూజ చేయరు, ఆయన్నే తమ కోసం ప్రార్థించమని అడుగుతారు. వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) కోసం ప్రార్థిస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టేనని పునీత అగస్టీను 5వ శతాబ్దం నాటికే చెప్పాడు.

కాబట్టి పోపు ఫ్రాన్సిస్ కోసం జరిగిన తొమ్మిది రోజుల పూజల్లో ఆయన మీద అనుమానమేమీ లేదు. ఫలానా వ్యక్తి మోక్షంలో ఉన్నాడని శ్రీసభ అధికారికంగా ప్రకటించేంతవరకూ, పోపు అయినా పాలేరు అయినా, ప్రార్థించడమే పద్ధతి. ఇంకో వైపు చూస్తే, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఎన్నడూ ప్రకటించలేదు. అందుకే 'వీడి కోసం ప్రార్థించి దండగ' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

తీర్పు మారదు, మరి మారేది ఏమిటి?

తీర్పు ఎప్పుడన్న విషయాన్ని పోపు 12వ బెనెడిక్టు 1336లో తేల్చేశాడు. ఆత్మ లోకాంతం దాకా వేచి ఉండదు, మరణం కాగానే దాని గతి నిర్ణయమవుతుంది. దేవుణ్ణి పూర్తిగా తోసిపుచ్చి పోయినవారికి నరకం. ఏ మచ్చా లేకుండా పోయినవారికి నేరుగా మోక్షం. దేవునితో స్నేహంలోనే మరణించినా ఇంకా శుద్ధి కావలసినవారికి మోక్షం ఖాయమే, కాని ముందు ఆ శుద్ధి జరగాలి. ఈ శుద్ధి స్థితినే మన కతోలికులు ఉత్తరించు స్థలం అంటారు.

ఉత్తరించు స్థలం రెండో అవకాశం కాదు. అక్కడున్నవారంతా రక్షణ పొందినవారే, వారి విషయంలో తీర్పు వారికి అనుకూలంగానే వచ్చేసింది. వారి కోసం చేసే ప్రార్థన కింది కోర్టు శిక్షను పై కోర్టులో కొట్టేయించే అప్పీలు లాంటిది కాదు. నరకాన్ని మోక్షంగా మార్చమని ఎవరూ అడగడం లేదు.

అయితే క్షమాపణ దొరికిన మనిషికి శుద్ధి దేనికి? ఒక ఉదాహరణ చూద్దాం. ఒకతను తమ్ముడి వాటా పొలాన్ని దొంగ కాగితాలతో తన పేర రాయించుకున్నాడు. ఇరవై ఏళ్ళు అనుభవించాడు. చావు దగ్గరపడ్డాక నిజంగా పశ్చాత్తాపపడి, గురువును (ఫాదరును) పిలిపించి పాపసంకీర్తనం చేశాడు, అంటే తన పాపాలు ఒప్పుకున్నాడు. పాపం క్షమించబడింది. కతోలిక బోధ ప్రకారం అందులో సందేహం లేదు. కాని ఇరవై ఏళ్ళుగా పెంచుకున్న ఆశ, తమ్ముడి మొహం చూడలేక అలవాటు చేసుకున్న కరకుతనం, చెప్పిన అబద్ధాన్నే నిజమని తనను తాను నమ్మించుకున్న తీరు ఒక్క గంటలో మాయం కావు. తమ్ముడి పిల్లల చదువు ఆగిపోయి ఉంటే ఆ నష్టమూ అలాగే ఉంది. నేరం పోయింది, దాని పర్యవసానం మిగిలింది. బతికుంటే అతను పొలం తిరిగిచ్చి, తమ్ముడితో కలిసి, మెల్లగా మారేవాడు. అంత వ్యవధి లేకుండా పోయాడు. ఆ మిగిలిపోయిన పనే శుద్ధి, ఆ శుద్ధిలో అతనికి తోడు నిలవడమే ప్రార్థన.

ఒకరి శుద్ధిలో ఇంకొకరు ఎలా తోడవుతారు? విశ్వాస ప్రమాణంలో చెప్పే 'పునీతుల సంబంధం' అనే అంశమే దీనికి ఆధారం. భూమ్మీద ఉన్నవారు, శుద్ధి పొందుతున్నవారు, మోక్షంలో ఉన్నవారు అంతా క్రీస్తులో ఒకే శరీరమనీ, మరణం ఆ శరీరాన్ని ముక్కలు చేయదనీ దాని అర్థం. జబ్బుపడ్డ స్నేహితుడి కోసం నిన్నటిదాకా ప్రార్థించినవాడు, అతను పోయాడని ఈ రోజు ఎందుకు మానాలి అన్నది కతోలికుల ప్రశ్న.

సిద్ధాంతం తర్వాత వచ్చింది, ఆచారం ముందు నుంచీ ఉంది

ఉత్తరించు స్థలం అనే సిద్ధాంతాన్ని ముందు కనిపెట్టి, దాని కోసం ప్రార్థనలు మొదలుపెట్టారని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే జరిగింది తలకిందులు.

కతోలిక బైబిలులోని మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దపు యూదుల యుద్ధం కనిపిస్తుంది. యుద్ధంలో పడిపోయిన సైనికుల అంగీల కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. యూదులకు అవి నిషిద్ధం. నాయకుడు యూదా మక్కబీ సైనికుల దగ్గర దాదాపు 2,000 వెండి ద్రాక్మాలు పోగుచేసి, చనిపోయినవారి పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపిస్తాడు. మృతులు లేస్తారన్న నమ్మకం లేకపోతే వారి కోసం ప్రార్థించడం వ్యర్థమయ్యేదని గ్రంథకర్త వ్యాఖ్యానిస్తాడు.

క్రైస్తవుల్లో తొలి జాడలు సమాధి రాళ్ళ మీద దొరుకుతాయి. ఫ్రిజియా ప్రాంతంలోని హియరోపోలిసు పీఠాధిపతి (బిషప్పు) అబెర్కియసు 2వ శతాబ్దం చివర్లో తన సమాధి రాతను తానే చెప్పి చెక్కించుకున్నాడు. ఇది చదివి అర్థం చేసుకున్నవాళ్ళు నా కోసం ప్రార్థించాలని అందులో అడిగాడు. ఆ రాతి ముక్కలు 1883లో బయటపడ్డాయి, ఇప్పుడు వాటికన్‌లో ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆపేది పెర్పెతువా కథ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తున్న ఇరవై రెండేళ్ళ బాలింత ఆమె. ఏడేళ్ళప్పుడు ముఖం మీద పుండు కుళ్ళి చనిపోయిన తమ్ముడు దినోక్రాతు ఒక రాత్రి ఆమెకు కలలో కనిపిస్తాడు. మురికి బట్టలు, దాహం, ముఖం మీద అదే పుండు. ఎదురుగా నీళ్ళ తొట్టి ఉంది, కాని దాని అంచు పిల్లవాడి కంటే ఎత్తు. అందుకోవడానికి మునివేళ్ళ మీద సాగుతున్నాడు. లేచిన దగ్గర్నుంచి ఆమె వాడి కోసం రాత్రీ పగలూ ఏడుస్తూ ప్రార్థిస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ కల. ఈసారి పిల్లవాడు శుభ్రంగా ఉన్నాడు, పుండు చోట మచ్చ మాత్రమే ఉంది. తొట్టి అంచు వాడి బొడ్డు దాకా దిగింది. నీళ్ళు తాగి, పిల్లలు ఆడుకున్నట్టే ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇందులో సిద్ధాంతం మాటే లేదు. ఉత్తరించు స్థలం మీద మహాసభ నిర్వచనాలు రావడానికి ఇంకా వెయ్యేళ్ళకు పైగా పడుతుంది.

అగస్టీను తల్లి మోనికా 387లో ఒస్తియాలో చనిపోయింది. భర్త సమాధి పక్కనే తనకూ చోటు సిద్ధం చేసుకున్న మనిషి, చివరికి ఆ పట్టింపు వదిలేసింది. ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, మీరు ఎక్కడున్నా ప్రభువు బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి, అంతే చాలంది. తన ఆత్మకథ చదివేవారంతా తల్లినీ తండ్రినీ అలా తలుచుకోవాలని కొడుకు కూడా రాసుకున్నాడు.

నవంబరు 2 ఆ తర్వాత చాలా కాలానికి వచ్చింది. సుమారు 1000 సంవత్సరం ప్రాంతంలో క్లూనీ మఠాధిపతి ఓదిలో తన మఠాల్లో మొదలుపెట్టిన ఆచారం క్రమంగా అంతటా పాకింది. మొదటి ప్రపంచ యుద్ధంలో శవాలు గుట్టలు పడుతున్న 1915లో, ఆ రోజు ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని పోపు 15వ బెనెడిక్టు అనుమతి ఇచ్చాడు.

అధికారికంగా చెప్పింది చాలా తక్కువ

ఇంత చరిత్ర, ఇన్ని చిత్రాలు, ఇన్ని కథలు ఉన్నా శ్రీసభ విశ్వాస సత్యంగా నిర్వచించింది రెండు వాక్యాలకు మించదు. ఉత్తరించు స్థలం ఉంది. అక్కడి ఆత్మలకు విశ్వాసుల ప్రార్థనలు, అన్నిటికంటే ముఖ్యంగా దివ్యబలిపూజ, సాయపడతాయి. 1563 డిసెంబరులో ట్రెంట్ నగరంలో జరిగిన పీఠాధిపతుల మహాసభ ఇచ్చిన నిర్ణయం ఇదే. జనానికి పనికిరాని సూక్ష్మ చర్చలు ప్రసంగాల్లో వద్దనీ, కుతూహలం, మూఢనమ్మకం, డబ్బు సంపాదన వాసన ఉన్నదాన్నంతా ఆపాలనీ పీఠాధిపతులకు అదే నిర్ణయంలో ఆదేశం ఉంది. ఈ భాగం సాధారణంగా ఎవరికీ గుర్తుండదు.

నిప్పు ఉందా? ఎక్కడుంది? ఎన్నాళ్ళుండాలి? వీటిలో ఏదీ నిర్వచించలేదు. అది ఒక చోటు కాదు, ఒక స్థితి అని రెండో జాన్ పాల్ 1999 ఆగస్టులో ఒక ప్రసంగంలో చెప్పాడు. ఆ దహించే నిప్పు క్రీస్తే, ఆయన్ని ఎదురుగా చూడటమే మనిషిని కాల్చి శుద్ధి చేస్తుందన్న కొందరు వేదాంతుల అభిప్రాయాన్ని పోపు 16వ బెనెడిక్టు 2007లో తన లేఖలో ఎత్తిచూపాడు. ఆ కలయికకు పట్టే వ్యవధిని భూలోకపు గడియారంతో కొలవలేమన్నాడు.

దీంతో ఇంకో ప్రశ్న కూడా సగం తీరుతుంది. నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది, ఎప్పుడో మోక్షానికి చేరి ఉంటే నేటి నా ప్రార్థన ఎటు పోతుంది? దేవునికి నిన్న, రేపు లేవు. నేటి ప్రార్థన ఆయన ఎదుట ఆనాటి మరణ ఘడియలోనూ ఉన్నట్టే. అవసరం తీరిన ఆత్మ కోసం చేసిన ప్రార్థన అవసరమున్న మరో ఆత్మకు చెందుతుందన్నది కతోలికుల్లో చాలాకాలంగా ఉన్న నమ్మకం.

రోజుల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ప్రార్థన పుస్తకాల్లో ఒక జపం కింద '300 రోజులు' అని అచ్చువేసి ఉంటుంది. ఇది చదివితే ఉత్తరించు స్థలంలో 300 రోజుల శిక్ష తగ్గుతుందని ఎందరో అనుకున్నారు. నిజానికి ఆ అంకె తొలి శతాబ్దాల ప్రాయశ్చిత్తాలకు సంబంధించింది. అప్పట్లో పెద్ద పాపానికి నెలలు, ఏళ్ళ తరబడి ఉపవాసం, కఠిన ప్రాయశ్చిత్తం ఉండేవి. ఆ రకం ప్రాయశ్చిత్తం 300 రోజులు చేసినంత ఫలం ఈ జపానికి ఇస్తున్నామని దాని అర్థం. అపార్థాలు తెగకపోవడంతో పోపు 6వ పౌలు 1967లో రోజుల లెక్కనే ఎత్తేశాడు. ఇప్పుడు ఇండల్జెన్సుల్లో పాక్షికం, సంపూర్ణం అనే రెండే ఉన్నాయి. ఇండల్జెన్సు అంటే క్షమించబడిన పాపానికి మిగిలిన పర్యవసానపు శిక్షను శ్రీసభ తన అధికారంతో తీసివేయడం. పాపక్షమాపణ వేరే సంగతి, అది పాపసంకీర్తనంలో దొరుకుతుంది.

నేటి నియమం ఇలా ఉంది. నవంబరు 1 నుంచి 8 వరకు ఏ రోజైనా సమాధుల దగ్గరికి వెళ్ళి మృతుల కోసం ప్రార్థించిన విశ్వాసికి సంపూర్ణ ఇండల్జెన్సు దొరుకుతుంది. అది మృతులకే చెందుతుంది, తన ఖాతాలో వేసుకోవడానికి లేదు. పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) స్వీకరించడం, పోపు ఉద్దేశాల కోసం ప్రార్థన తప్పనిసరి. అన్నిటికంటే కష్టమైన నాలుగో షరతు చిన్న పాపం మీద కూడా మమకారం లేకపోవడం. అది కుదరకపోతే దొరికేది పాక్షికమే. కరోనా వల్ల 2020లో ఈ వారం గడువును నవంబరు నెలంతటికీ పెంచారు.

ఒక ఆత్మ కోసం వరసగా ముప్పై రోజులు పూజలు చేయించే ఆచారం వెనక 6వ శతాబ్దపు కథ ఒకటుంది. యుస్తు అనే సన్యాసి మఠ నియమానికి విరుద్ధంగా మూడు బంగారు నాణేలు దాచుకున్నాడు. అది తెలిసి మఠాధిపతి గ్రెగొరీ, తర్వాత పోపు అయినవాడే, అతని శవాన్ని ఎరువు కుప్పలో నాణేలతో సహా పూడ్పించాడు. తర్వాత జాలిపడి ముప్పై రోజులు వరసగా పూజలు చేయించాడు. ముప్పై రోజులు పూర్తయ్యేసరికి యుస్తు తన అన్నదమ్ముడికి కనిపించి ఇప్పుడు బాగున్నానన్నాడట. కథ బాగుంది, ఆచారాన్నీ శ్రీసభ ఆదరిస్తుంది. ముప్పైకి ఆత్మ విడుదలవుతుందన్న హామీ మాత్రం ఎక్కడా లేదు.

లెక్క, డబ్బు కలిస్తే ఏమవుతుందో 1517లో తేలింది. పోపు 4వ సిక్స్తు 1476లోనే ఇండల్జెన్సు మృతులకు కూడా వర్తించేలా చేశాడు. అది విన్నపంగా మాత్రమే పనిచేస్తుందన్నాడు, చనిపోయినవారి మీద పోపుకు అధికారం లేదు కనక. రోములోని పునీత పేతురు దేవాలయ నిర్మాణానికి నిధులు పోగుచేస్తున్న జర్మనీ బోధకుల నోట ఆ తేడా మాయమైంది. ప్రొటెస్టెంటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనల్లో జనం అడుగుతున్న ప్రశ్ననొకదాన్ని ముందుపెట్టాడు: డబ్బు కోసం ఇన్ని ఆత్మలను విడిపించగల పోపు, ప్రేమ కోసం ఉత్తరించు స్థలాన్ని ఒక్కసారే ఎందుకు ఖాళీ చేయడు? చురుకైన ప్రశ్న. పోపు 5వ పయసు 1567లో డబ్బుతో ముడిపడ్డ ఇండల్జెన్సులను రద్దు చేశాడు.

పూజకు ఇచ్చే కానుక ధరేనా?

ఆత్మశాంతి పూజ చెప్పించినప్పుడు ఇచ్చే కానుక మీద నేటికీ గొణుగుడు ఉంది. కారణం లేకపోలేదు. అయితే శ్రీసభ చట్టం ఈ విషయంలో అనుకున్నదానికంటే కఠినంగా ఉంటుంది. వ్యాపారమన్న ఛాయ కూడా కనిపించకూడదని 947వ నియమం అంటుంది. ఇవ్వలేనివారి కోసం కానుక లేకుండానే పూజ చేయమని 945వ నియమం గురువులకు గట్టిగా సూచిస్తుంది.

ఒక విచారణలో (ఒక గురువు కింద ఉండే స్థానిక సంఘంలో) పది కుటుంబాలు పది ఆత్మల కోసం పది కానుకలు ఇచ్చాయనుకుందాం. ఒకే పూజ చేసి పదీ జేబులో వేసుకోవడం కుదరదు. సాధారణ నియమం ప్రకారం పది పూజలు చేయాలి. గురువు ఒకే రోజు రెండు, మూడు పూజలు చేసినా ఆ రోజుకు ఒక్క కానుకే తనది, క్రిస్మసు రోజుకు మాత్రం మినహాయింపు. ఏడాదిలోగా చేయలేనన్ని పూజలకు కానుకలు తీసుకోకూడదు. 2025 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఉత్తర్వు ప్రకారం, స్థానిక పీఠాధిపతులు ఒప్పుకుంటే, ఇచ్చినవారికి ముందే తెలిసి మనస్ఫూర్తిగా అంగీకరిస్తే, పలు ఉద్దేశాలను ఒకే పూజలో కలపవచ్చు. అప్పుడు కూడా గురువుకు దక్కేది ఒక్క కానుకే. పూజలో పేరు చదవడం వేరు, పూజను ఆ ఆత్మ కోసం అర్పించడం వేరు. ఊరికే పేరు చదివినందుకు డబ్బు అడగడం తప్పని అదే ఉత్తర్వు చెబుతోంది.

ఒప్పుకోనివారి వాదన ఏమిటి?

ప్రొటెస్టెంట్ల అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీయుల లేఖ అంటుంది. లూకా సువార్తలో ధనవంతుడికీ లాజరుకూ మధ్య దాటరాని అగాధం ఉంది. సిలువ మీది దొంగకు 'నేడే' అని మాట దొరికింది, శుద్ధి ప్రస్తావనే లేదు. క్రీస్తు బలి పరిపూర్ణమైతే ఇంకా మిగిలిన శిక్ష అనేది ఎక్కడిది? ఈ ఆఖరి ప్రశ్నలోనే అసలు బలముంది. శుద్ధి కూడా క్రీస్తు బలి ఫలమే, దానికి పోటీ కాదన్నది కతోలికుల జవాబు. కట్టిన పని కాలిపోయినా మనిషి 'అగ్నిలో నుంచి తప్పించుకున్నట్టు' రక్షణ పొందుతాడన్న కొరింతీయుల మొదటి లేఖ 3వ అధ్యాయాన్ని వారు చూపిస్తారు. అది తీర్పు రోజున ప్రతివారి పనికీ జరిగే పరీక్షే, ఆత్మల శుద్ధి కాదని ప్రొటెస్టెంట్లు బదులిస్తారు.

మక్కబీయుల గ్రంథం మీద వివాదం రెండు రకాలు. ప్రొటెస్టెంట్లు దాన్ని దైవగ్రంథంగా లెక్కించరు. లెక్కించినా, విగ్రహారాధన కతోలికుల దృష్టిలో చావైన పాపం (నరకానికి ఈడ్చే ఘోర పాపం) కదా, ఆ సైనికులు ఉత్తరించు స్థలంలో ఎలా ఉంటారని అడుగుతారు. ఇది గట్టి దెబ్బే. ఆ వాక్యంతో పూర్తి సిద్ధాంతాన్ని నిరూపించడం కష్టం. క్రీస్తుకు ముందే యూదులు మృతుల కోసం ప్రార్థించారన్న సంగతి మాత్రం దానితో రుజువవుతుంది.

ఇక్కడ గీతలు మనం అనుకున్నంత నిటారుగా లేవు. పోయినవారి కోసం ఒకటి రెండుసార్లు 'ఈ ఆత్మను కరుణించు' అని దేవుణ్ణి అడగడం పాపం కాదని లూథర్ 1528లో రాశాడు. మృతుల కోసం ప్రార్థించడాన్ని తాము నిషేధించడం లేదని అతని సహచరుడు మెలంక్తన్ 1531లో స్పష్టం చేశాడు. మరో ప్రొటెస్టెంటు నాయకుడు కాల్విన్ మాత్రం ససేమిరా అన్నాడు.

రోముతో విడిపోయిన తూర్పు క్రైస్తవుల, అంటే ఆర్థొడాక్సు సంఘాల, తీరు ఇంకా ఆసక్తికరం. మరణం తర్వాత మూడో, తొమ్మిదో, నలభయ్యో రోజుల్లో వారు శ్రద్ధగా ప్రార్థిస్తారు. ఉత్తరించు స్థలం సిద్ధాంతాన్ని మాత్రం ఒప్పుకోరు. వారినీ కతోలికులనూ మళ్ళీ కలపడానికి జరిగిన ఫ్లారెన్సు మహాసభలో ఆర్థొడాక్సుల తరఫున ఎఫెసు పీఠాధిపతి మార్కు, శుద్ధిచేసే నిప్పు అన్న మాటను తోసిపుచ్చాడు. 1439 నాటి ఒప్పంద పత్రంలో నిప్పు ప్రస్తావన లేదు. ప్రార్థించడానికి సిద్ధాంతం తప్పనిసరి కాదనడానికి వారే సాక్ష్యం.

ఎవరి కోసం ప్రార్థించకూడదు?

ఆత్మహత్య చేసుకున్నవారి సంగతి చాలా కుటుంబాలను లోపల్లోపల తొలుస్తుంది. 1917 నాటి శ్రీసభ చట్టం, తెలిసి తెలిసి ప్రాణం తీసుకున్నవారికి శ్రీసభ సమాధి నిరాకరించింది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక వేదన, భయం బాధ్యతను తగ్గిస్తాయనీ, వారి రక్షణ మీద ఆశ వదులుకోకూడదనీ, శ్రీసభ వారి కోసం ప్రార్థిస్తుందనీ 1992 నాటి సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనా గ్రంథం) చెబుతుంది. అయినా పాత నియమమే ఇంకా అమల్లో ఉందనుకుని పూజ అడగడానికి జంకేవారున్నారు.

జ్ఞానస్నానం ఇప్పించాలనుకుంటుండగానే బిడ్డ చనిపోతే, పీఠాధిపతి అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చు. అలాంటి పసివారి రక్షణ మీద ఆశపెట్టుకోవడానికి గట్టి కారణాలున్నాయని వాటికన్ అంతర్జాతీయ వేదాంత సంఘం 2007లో రాసింది.

కతోలికులు కానివారి మాటేమిటి? బతికున్నవారైనా చనిపోయినవారైనా, ఎవరి కోసమైనా పూజ అర్పించే స్వేచ్ఛ గురువుకు ఉందని 901వ నియమం చెబుతుంది. ఆ 'ఎవరైనా' అన్నదానికి కులం, మతం, జ్ఞానస్నానం అనే షరతులేవీ లేవు. పూజలో గురువు చదివే నాలుగో కృతజ్ఞతా ప్రార్థన, క్రీస్తు శాంతిలో మరణించినవారిని తలుచుకున్న వెంటనే, ఎవరి విశ్వాసం దేవునికి ఒక్కడికే తెలుసో ఆ మృతులందరినీ కూడా తలుచుకుంటుంది.